డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి

మా తమ్ముడికి డెంగీ వచ్చినప్పుడు, ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కణాల) కౌంట్ 38,000 అని తెలిసిన రాత్రి ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిట్లో ‘అర్జంట్, బి పాజిటివ్ ప్లేట్‌లెట్స్ కావాలి’ అని పెట్టాం. మా బాబాయి ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళని కారెక్కించుకుని అర్ధరాత్రి ఆస్పత్రికి చేరుకున్నాడు. అంత హడావుడిలో మాలో ఒక్కరం కూడా గమనించని సంగతి ఒకటుంది: వాడు మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా మూత్రానికి లేవలేదు. తెల్లవారుజామున డ్యూటీ మారి వచ్చిన నర్సు వాడి చెయ్యి పట్టుకుని చూసి, ఇంత చల్లగా ఉందేంటి అని డాక్టర్ని పరుగున పిలుచుకొచ్చింది. ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. సెలైన్ ఎంత, ఎంత వేగంగా పోవాలి అన్నదే గంటగంటకీ మార్చారు. కారులో వచ్చిన కుర్రాళ్ళిద్దరూ టీ తాగి వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు తెలిసుంటే బాగుండేది అనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఏ మందు, ఎంత సెలైన్ అన్నది డాక్టరే చెప్పాలి. డాక్టర్ మీ పక్కన లేని గంటలు రోజుకి ఇరవై మూడు ఉంటాయి. ఇది ఆ గంటల కోసం.

1. జ్వరం మొదలైన రోజు, వేళ రాసి పెట్టుకోండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. మొదటి పేజీలో జ్వరం ఎప్పుడు మొదలైందో రాయండి. ‘మొన్నటి నుంచి ఒంట్లో బాలేదు’ అంటే కుదరదు. సోమవారం రాత్రి తొమ్మిదింటికి ఒళ్ళు కాలింది అంటే అదే ఒకటో రోజు. డెంగీలో ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి, ఎప్పుడు కాపలా కాయాలి అన్నవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

మామూలుగా జరిగేది ఇదీ. మొదటి రెండు మూడు రోజులు 103, 104 జ్వరం, కళ్ళ వెనక నొప్పి, నడుము, కీళ్ళు విరిచేసినట్టు ఉండటం. అప్పటికి ప్లేట్‌లెట్లు చాలామందిలో బాగానే ఉంటాయి. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో ఎప్పుడో జ్వరం దిగుతుంది. కౌంట్ కూడా అప్పుడే పడుతుంది. ప్రమాదం రావాలంటే ఆ 24 నుంచి 48 గంటల్లోనే వస్తుంది. అది దాటితే కోలుకోవడం మొదలవుతుంది. అంటే జ్వరం తగ్గిందని మనం దేవుడికి దండం పెట్టుకుని కాస్త కునుకు తీసే రాత్రే మేలుకుని ఉండాల్సిన రాత్రి.

పుస్తకంలో రోజుకో పేజీ పెట్టుకుని ఐదు విషయాలు రాయండి: జ్వరం ఎంత, ఏ టాబ్లెట్ ఎన్ని గంటలకి వేశారు, ఏం తాగారు ఎంత తాగారు, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్ళారు, వాంతులు, విరేచనాలు ఎన్ని. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పొద్దున, సాయంత్రం బీపీ కూడా. ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే ఫైలు కన్నా ముందు ఈ పుస్తకం చూపించండి. డ్యూటీ డాక్టర్ అడిగే మొదటి నాలుగు ప్రశ్నలకి జవాబులు అందులోనే ఉంటాయి.

2. పరీక్షలు సరైన రోజున చేయించండి

రక్తంలో వైరస్ ప్రోటీన్‌ని పట్టుకునే ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో పనికొస్తుంది. ఐదో రోజు దాటాక ఐజీఎమ్, అంటే వైరస్ మీద మన ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ చూస్తారు. రెండో రోజు ఐజీఎమ్ చేయించి నెగెటివ్ వచ్చిందని డెంగీ కాదనుకోవద్దు, అది అప్పటికింకా తయారై ఉండదు. ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చినా పూర్తిగా కొట్టిపారేయలేం, ముఖ్యంగా ఇంతకుముందు ఒకసారి డెంగీ వచ్చినవాళ్ళలో. ల్యాబుల్లో పది నిమిషాల్లో చెప్పే కార్డు పరీక్షని ప్రభుత్వం నిర్ధారణగా లెక్కించదు, ల్యాబు మిషన్ మీద చేసే ఎలైజా పద్ధతిలో చేయాల్సిందే. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రుల్లో, హైదరాబాద్‌లో అయితే పాతవాళ్ళు కోరంటి దవాఖానా అని పిలిచే నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఎలైజా ఉంటుంది. అయినా రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు. సీజన్‌లో ఇలాంటి జ్వరం వస్తే డెంగీ అనుకునే జాగ్రత్త పడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చవగ్గా అయ్యే పరీక్షే: రక్తకణాలన్నీ లెక్కపెట్టే ఈ పరీక్షని మన దగ్గర సీబీపీ అంటారు. ఒకటో రోజో రెండో రోజో ఒకసారి చేయించండి. అప్పుడు అన్నీ మామూలుగానే ఉంటాయి, ‘అనవసరంగా డబ్బులు పోయాయి’ అనిపిస్తుంది. కానీ తర్వాత వచ్చే రిపోర్టులని పోల్చుకోవడానికి మీ దగ్గర ఉండేది అదొక్కటే. మూడో రోజు నుంచి రోజూ ఒకసారి, వీలైతే ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే మిషన్ మారుతుంది, అంకె మారుతుంది, మీ టెన్షన్ పెరుగుతుంది.

మలేరియా పరీక్ష కూడా అడగండి. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ పరీక్ష మాత్రం జ్వరం వచ్చిన రెండో రోజునే చేసి ‘టైఫాయిడ్ కూడా ఉంది’ అని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడితే ఇంకో డాక్టర్‌ని అడగండి. ఒక్క వైడాల్ చీటీ మీద టైఫాయిడ్ తేల్చలేరు. డెంగీ వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

3. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే

పెద్దవాళ్ళకి 500 లేదా 650 మిల్లీగ్రాముల టాబ్లెట్, ఒకదానికీ ఇంకోదానికీ కనీసం ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగుకి మించకుండా. పిల్లలకి బరువుని బట్టి: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకి ఒక డోసు 150కి మించకూడదు. సిరప్ సీసా మీద ఐదు మిల్లీలీటర్లలో ఎంత మందుందో తప్పకుండా చదవండి. 120 ఉన్న సీసాలూ ఉంటాయి, 250 ఉన్నవీ ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. డెంగీలో కాలేయం ముందే దెబ్బతిని ఉంటుంది కాబట్టి జ్వరం దిగడం లేదని మధ్యలో ఇంకో టాబ్లెట్ వేయకండి. గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడవండి.

నొప్పుల బిళ్ళలు వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్, వీటిలో ఏదీ వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువైపోతున్న సమయంలో, ఉన్న ప్లేట్‌లెట్లు చేసే పనిని కూడా ఇవి చెడగొడతాయి, కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేస్తాయి. మెడికల్ షాపులో ‘జ్వరానికి ఏదైనా ఇవ్వండి’ అని అడిగితే వచ్చే కాంబినేషన్ బిళ్ళల్లో పారాసిటమాల్‌తో పాటు ఇవి కలిసి ఉంటాయి. అట్ట వెనక పేర్లు చదివి తీసుకోండి. తుంటికి వేసే సూది కూడా వద్దు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళగానే ఒక డైక్లో ఇంజెక్షన్ పడుతుంది, సాయంత్రానికి జ్వరం దిగి హాయిగా ఉంటుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, కౌంట్ తగ్గాక సూది పొడిచిన చోట కండలో రక్తం గడ్డకడుతుంది. స్టెరాయిడ్లు కూడా ప్లేట్‌లెట్లని పెంచవు.

గుండెకి స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఆ మందులు సొంతంగా ఆపేయకూడదు, సొంతంగా కొనసాగించనూకూడదు. డెంగీ అనుమానం వచ్చిన రోజే గుండె డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

4. తాగించండి, కొలిచి తాగించండి

ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఉన్న అసలు వైద్యం ఇదే. ‘నీళ్ళు బాగా తాగుతున్నాడు’ అని అందరూ అంటారు. కొలిచి చూస్తే రోజంతా కలిపి మూడు గ్లాసులు ఉంటుంది. లీటరు సీసాలు మూడు పెట్టుకుని పొద్దున నింపండి. గుండె, కిడ్నీ జబ్బులు లేని పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద రెండున్నర నుంచి మూడు లీటర్ల ద్రవం పోవాలి. పిల్లల్లో పది కిలోల బిడ్డకి మామూలు రోజుల్లోనే లీటరు, ఇరవై కిలోల బిడ్డకి లీటరున్నర అవసరం, జ్వరంలో ఇంకాస్త ఎక్కువ. గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి ఎంత ఇవ్వాలో డాక్టర్‌నే అడగండి.

అన్నీ ఉత్త నీళ్ళే అయితే ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి, కొబ్బరి నీళ్ళు, ఉప్పూ పంచదారా వేసిన నిమ్మరసం, పప్పుకట్టు, ఓఆర్‌ఎస్ మార్చి మార్చి ఇవ్వండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది గ్లాసుడు అంటే 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్‌ని గ్లాసులో కలిపి పిల్లలకి పట్టడం ప్రమాదం. దుకాణాల్లో అట్టపెట్టెల్లో తియ్యగా దొరికేవి ఓఆర్‌ఎస్ అనుకోకండి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లేని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాటే వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా’ అని ఉన్న పొడి తీసుకోండి. షుగర్ ఉన్నవాళ్ళకి జ్యూసుల కన్నా మజ్జిగ, గంజి నయం. ఆ రోజుల్లో షుగర్ తరచుగా చూసుకోవాలి.

వికారంగా ఉండి తాగలేకపోతే గ్లాసు చేతికివ్వకండి. ఐదు నిమిషాలకోసారి రెండు చెంచాల చొప్పున పట్టండి. గంటకి ఎంత పోయిందో రాయండి. బీట్‌రూట్, దానిమ్మ రసం, నల్ల కూల్‌డ్రింకులు ఆ వారం పక్కన పెట్టడం మంచిది. తర్వాత వాంతి అయితే అది రక్తమో రసమో ఎవరూ చెప్పలేరు.

తాగింది సరిపోతోందా లేదా అన్నది మూత్రమే చెప్తుంది. మెలకువగా ఉన్న వేళల్లో నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, లేత రంగులో రావాలి. ఆరు గంటలు దాటినా రాలేదంటే రాత్రి రెండైనా సరే ఆస్పత్రికి బయల్దేరండి.

5. రిపోర్టులో ప్లేట్‌లెట్ల గీతతో ఆగిపోకండి

ప్లేట్‌లెట్లు మామూలుగా మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. కొన్ని ల్యాబులు 45,000 అని కాకుండా 0.45 లక్షలు అని వేస్తాయి. ‘సున్నా పాయింట్’ అనగానే ఫోన్లో ఏడుపులు వినిపిస్తాయి. ముందు యూనిట్ చూడండి.

డెంగీలో ప్లేట్‌లెట్లు రెండు రకాలుగా తగ్గుతాయి. ఎముకల్లోని మూలుగ వాటిని తయారుచేయడం కొన్నాళ్ళు మందగిస్తుంది. తయారై ఉన్నవాటిని మన ఒంట్లో రోగంతో పోరాడే వ్యవస్థే పొరపాటున నాశనం చేస్తుంది. వైరస్ వెనక్కి తగ్గగానే మూలుగ మళ్ళీ పని అందుకుంటుంది. అందుకే ఐదు, ఆరు, ఏడు రోజుల మధ్య అట్టడుగుకి వెళ్ళిన కౌంట్ దానంతటదే లేస్తుంది. పైకి మళ్ళాక మూడు నాలుగు రోజుల్లో లక్ష దాటడం మామూలే.

డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇంకోటి: సన్నటి రక్తనాళాల గోడలు జల్లెడలా మారి, రక్తంలోని నీటి భాగం బయటికి కారిపోవడం. ఆ నీరు పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఈ చిక్కదనాన్ని చూపించే అంకె అదే రిపోర్టులో, ఇంకో గీతలో ఉంటుంది. పేరు పీసీవీ, కొన్నిచోట్ల హెమటోక్రిట్ అని వేస్తారు. మొదటి రోజు 40 ఉన్న పీసీవీ ఐదో రోజు 48కి వెళ్ళిందంటే 20 శాతం పెరిగినట్టు. అంటే నీరు కారుతోందని అర్థం. పీసీవీ పైకి, ప్లేట్‌లెట్లు కిందికి ఒకేసారి వెళ్తుంటే అది ఆస్పత్రిలో చేర్చాల్సిన రిపోర్టు, ప్లేట్‌లెట్లు ఇంకా 90,000 ఉన్నా సరే. పీసీవీ కదలకుండా, మనిషి తాగుతూ తింటూ మూత్రం పోస్తూ ఉంటే 40,000 కౌంట్‌ని చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. చికిత్స మధ్యలో పీసీవీ ఒక్కసారిగా బాగా పడిపోయి, మనిషి నీరసించిపోతుంటే లోపలెక్కడో రక్తం పోతోందేమో చూడమని అడగాలి.

తెల్లకణాలు కూడా చూడండి. డెంగీలో అవి నాలుగు వేల లోపుకి తగ్గడం మామూలు. తర్వాత పైకి రావడం మొదలైతే అది మంచి సూచన, ప్లేట్‌లెట్లు సాధారణంగా వాటి వెనకే వస్తాయి.

నిన్న లక్షా పదివేలు ఉన్నది ఇవాళ 12,000 అని వచ్చి, మనిషి మాత్రం కూర్చుని ఇడ్లీ తింటుంటే మిషన్‌ని అనుమానించండి. రక్తం తీసేటప్పుడు ఆలస్యమైతే, ఊదారంగు మూత గొట్టంలో సరిగా కలపకపోతే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ గుంపులని మిషన్ లెక్కపెట్టలేదు. ‘స్మియర్ వేసి చేత్తో కౌంట్ చూడండి’ అని, అంటే గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో లెక్కపెట్టమని అడగండి. పాథాలజిస్టు ఉన్న ఏ ల్యాబైనా చేస్తుంది.

6. జ్వరం దిగిన రోజు నుంచి రెండు రోజులు కాపలా

ఈ రెండు రోజులూ ఇంట్లో ఒకరు వేరే పని పెట్టుకోకూడదు. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా కౌంట్ ఎంతుందని చూడకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. మనిషి నడవలేని స్థితిలో ఉంటే 108కి ఫోన్ చేయండి.

- కడుపులో తగ్గని నొప్పి, నొక్కితే ఎక్కువ కావడం
- ఆగని వాంతులు, తాగింది తాగినట్టు బయటికి రావడం
- చిగుళ్ళు, ముక్కులోంచి రక్తం, వాంతిలో రక్తం, తారులా నల్లటి విరేచనం
- ఆడవాళ్ళకి తేదీ కాని రోజుల్లో రక్తస్రావం, లేదా నెలసరి మామూలు కన్నా బాగా ఎక్కువ కావడం
- మత్తుగా పడి ఉండటం, చిరాకు, పొంతన లేని మాటలు, పిల్లల్లో ఆపకుండా ఏడవడం
- ఆయాసం, పొట్ట ఉబ్బడం
- లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం
- చేతులు, కాళ్ళు చల్లబడి చెమటతో జిగురుగా ఉండటం

నెలసరి సంగతి చాలా ఇళ్ళలో బయటికి రాదు. డాక్టర్ అడగరు, అమ్మాయి చెప్పదు, పక్కన మావయ్యలూ బాబాయిలూ నిలబడి ఉంటారు. తల్లో అక్కో గదిలోకి వెళ్ళి అడిగి నర్సుతో చెప్పాలి.

కాళ్ళు చల్లబడటాన్ని జ్వరం తగ్గినందుకే అనుకుంటాం. గోరుని ఐదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపు మళ్ళీ ఎర్రదనం రావాలి. అంతకన్నా ఆలస్యమైతే రక్తం చివర్లకి అందడం లేదు. బీపీ మిషన్ ఉంటే పై అంకె, కింది అంకె మధ్య తేడా చూడండి. 100/80 అని వస్తే ‘పైన వంద ఉందిగా, పర్లేదు’ అనిపిస్తుంది. తేడా 20 మాత్రమే. డెంగీలో అది షాక్ మొదలైన గుర్తు. అప్పటికి మనిషి మాట్లాడుతూనే ఉండొచ్చు, నవ్వుతూ కూడా ఉండొచ్చు. ఒంట్లో దమ్మున్న కుర్రాళ్ళు చివరిదాకా బాగానే కనిపించి ఒక్కసారిగా కుప్పకూలతారు.

7. ఎప్పుడు చేర్పించాలి, ఎక్కడ చేర్పించాలి

గర్భిణులు, ఏడాది లోపు బిడ్డలు, అరవై దాటినవాళ్ళు, షుగర్, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్ళు డెంగీ అని తేలిన రోజే డాక్టర్‌ని కలిసి చేరాలా వద్దా అడగాలి. ఇదివరకు ఒకసారి వచ్చినవాళ్ళు కూడా ముందే చెప్పాలి. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒక రకం వచ్చాక ఇంకో రకం వస్తే తీవ్రంగా మారే అవకాశం ఎక్కువ.

మిగతావాళ్ళలో పైన చెప్పిన లక్షణాలేవీ లేకుండా కౌంట్ లక్ష పైన ఉంటే ఇంట్లోనే, రోజూ సీబీపీతో. లక్ష లోపుకి వస్తే డాక్టర్‌ని రోజూ కలవాలి. 50,000 లోపుకి వస్తే చాలామంది డాక్టర్లు చేర్చుకుని చూస్తారు, అది సరైన జాగ్రత్తే. చేరడం అంటే ప్లేట్‌లెట్లు ఎక్కించుకోవడానికి అని కాదు, బీపీ, మూత్రం, పీసీవీ కొన్ని గంటలకోసారి చూసే మనిషి ఉంటారని.

ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు రిసెప్షన్లో అడగాల్సినవి మూడే: రాత్రి కూడా ల్యాబు పనిచేస్తుందా? రాత్రి డ్యూటీ డాక్టర్ ఉంటారా? ఐసీయూ ఇక్కడే ఉందా, లేక ఇంకోచోటికి పంపిస్తారా? ఏసీ గది ఉందా అన్నది తర్వాత సంగతి. సెలైన్ విషయంలో ఒక మాట: ఇంట్లో మంచం స్టాండుకి సీసా కట్టి, ‘నీరసంగా ఉంది, రెండు సెలైన్లు పెట్టండి’ అనే అలవాటు మన ఊళ్ళలో ఉంది. డెంగీలో తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. కారే దశ అయిపోయాక బయటికి పోయిన నీరంతా తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పుడు కూడా సెలైన్ పోస్తూనే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. నోటితో బాగా తాగుతున్న మనిషికి సీసా తీసేస్తామంటే మీరు వద్దనకండి.

8. ‘ప్లేట్‌లెట్లు ఎక్కించాలా?’ అన్న ప్రశ్న

రక్తస్రావం లేకపోతే, కౌంట్ 20,000 ఉందనో 30,000 ఉందనో ఎక్కించడం వల్ల లాభం లేదు. ఇది సింగపూర్, మలేషియా ఆస్పత్రుల్లో 372 మంది పెద్దవాళ్ళ మీద పరీక్షించి చూసి, 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన విషయం. కౌంట్ 20,000 లేదా అంతకన్నా తక్కువ ఉండి, పెద్దగా రక్తం పోనివాళ్ళలో సగం మందికి ప్లేట్‌లెట్లు ఎక్కించారు, సగం మందికి ఎక్కించలేదు. రక్తస్రావం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. ఎక్కించినవాళ్ళలో దద్దుర్లు, అలర్జీలు లాంటి ఇబ్బందులు ఎక్కువయ్యాయి. ఎక్కించినవి కూడా ఒంట్లోకి పోయాక పాతవాటిలాగే నాశనమవుతాయి, మర్నాటి రిపోర్టులో ఆ అంకె నిలవదు. మన దేశపు మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనప్పుడు 10,000 లోపుకి పడితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించమంటాయి. రక్తం బాగా పోతుంటే మాత్రం కౌంట్ ఇంకా ఎక్కువున్నా ఎక్కించాల్సి రావచ్చు.

కాబట్టి డాక్టర్ ఎక్కిద్దాం అంటే మర్యాదగా రెండు ప్రశ్నలు వేయండి: ‘రక్తం ఎక్కడైనా పోతోందా సార్? పీసీవీ ఎలా ఉంది?’ జవాబులో కారణం వినిపిస్తే ఇంక అడ్డుపడకండి. చాలాసార్లు మాత్రం డాక్టర్ వద్దంటుంటే ఎక్కించమని గొడవ చేసేది మనమే. ‘అంకె పడిపోతుంటే చూస్తూ కూర్చుంటారా’ అని మేమూ కౌంటర్ దగ్గర అరిచాం. ఆ ఒత్తిడికి లొంగి ఎక్కించే చోట్లూ ఉన్నాయి.

అయినా దాతలని సిద్ధంగా ఉంచుకోవడంలో తప్పులేదు, కౌంట్ 20,000 దగ్గరికి వస్తుంటే ఆ పని చేయండి. ప్లేట్‌లెట్లు రెండు రకాలుగా దొరుకుతాయి. మామూలుగా దానం చేసిన రక్తం నుంచి వేరుచేసిన సంచిని ఆర్‌డీపీ అంటారు, ఒక్కోటి కౌంట్‌ని ఐదు నుంచి పదివేలు పెంచుతుంది. మిషన్ మీద ఒకే దాత నుంచి గంటన్నర రెండు గంటలు కూర్చోబెట్టి తీసేది ఎస్‌డీపీ, ముప్పై నుంచి అరవై వేలు పెంచుతుంది, ఖరీదు చాలా ఎక్కువ. ఎస్‌డీపీ ఇచ్చే మనిషికి యాభై కిలోల బరువు ఉండాలి, తన కౌంట్ లక్షన్నర దాటి ఉండాలి, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు, చేతి నరాలు బాగుండాలి, భోజనం చేసి రావాలి. ఇద్దరు ముగ్గురి నంబర్లు పుస్తకంలో రాసుకోండి. ఈ-రక్త్‌కోష్ వెబ్‌సైట్లో దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుల్లో ఏమున్నాయో కనిపిస్తుంది. ప్లేట్‌లెట్ల సంచి ఐదు రోజులే నిలవుంటుంది, అదీ కదుపుతూ ఉండే మిషన్ మీద, 20 నుంచి 24 డిగ్రీల మధ్య. ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పెడదాం అన్న మా బాబాయి ఆలోచన కుదరదు.

9. బొప్పాయి ఆకు, కివీ, మేకపాలు

అడగని ఇల్లుండదు కాబట్టి చెప్తున్నా. బొప్పాయి ఆకు రసంతో కౌంట్ కాస్త త్వరగా లేస్తుందని కొన్ని చిన్న అధ్యయనాలు ఉన్నాయి. ఆ రసం నీరు కారడాన్ని ఆపుతుందనీ ప్రాణాలు కాపాడుతుందనీ రుజువు లేదు. మనవాళ్ళు దాన్ని ఐదో రోజో ఆరో రోజో మొదలుపెడతారు, ఏడో రోజు కౌంట్ ఎలాగూ లేస్తుంది, పేరు ఆకుకి వస్తుంది. కాకి వాలడమూ తాటిపండు పడటమూ ఒకేసారి జరిగినట్టు. పచ్చి ఆకు చేదుకి వాంతి చేసుకుంటే అంతవరకూ కష్టపడి తాగించిన అర లీటరు మజ్జిగ పోయినట్టే. అది నష్టమే. సీజన్‌లో చుక్కలనంటే ధర పెట్టి మేకపాలు, కివీ, డ్రాగన్ ఫ్రూట్ కొననక్కర్లేదు. తినగలిగితే తినొచ్చు, ప్లేట్‌లెట్ల కోసమని కాదు. ఇడ్లీ, పెరుగన్నం, జావ, కిచిడీ చాలు.

10. కౌంట్ తక్కువున్న రోజుల్లో చిన్న జాగ్రత్తలు

మెత్తటి బ్రష్ లేదా వేలితో పళ్ళు తోముకోవడం, గడ్డం గీసుకోకపోవడం, ముక్కు గట్టిగా చీదకపోవడం, ముక్కకుండా మలవిసర్జన అయ్యేలా చూసుకోవడం. 20,000 లోపున్న మనిషి బాత్రూంకి ఒంటరిగా వెళ్ళకూడదు. కళ్ళు తిరిగి పడి తలకి దెబ్బ తగిలితే అదే పెద్ద ప్రమాదం. జ్వరం ఉన్న మొదటి ఐదు రోజులూ పగలు కూడా దోమతెర కట్టండి. ఈ దోమ పగలే కుడుతుంది, రోగిని కుట్టిన దోమ ఇంట్లో ఇంకొకరికి అంటిస్తుంది.

11. ఇంటికొచ్చాక

రెండు రోజులుగా టాబ్లెట్ లేకుండా జ్వరం రాకపోవడం, ఆకలి తిరిగి రావడం, మూత్రం బాగా రావడం, పీసీవీ నిలకడగా ఉండటం, కౌంట్ 50,000 దాటి పైకి వెళ్తుండటం. ఇవి చూసి పంపిస్తారు. లక్షన్నర అయ్యేదాకా మంచం మీద ఉంచమని అడగొద్దు. రెండు మూడు రోజుల తర్వాత ఒకసారి సీబీపీ చేయించండి, లక్ష దాటితే ఇక సూదులు చాలు. వారం పది రోజుల తర్వాత కూడా లేవకపోతే అది డెంగీ ఒక్కదాని పని కాకపోవచ్చు, ఫిజీషియన్‌కి చూపించాలి.

ఏడో ఎనిమిదో రోజున ఒళ్ళంతా ఎర్రబడి, మధ్యమధ్యలో తెల్లటి మచ్చలు వదిలినట్టు కనిపిస్తుంది. అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెడతాయి. మందు పడలేదని భయపడతారు, అది కోలుకుంటున్న గుర్తు. చల్లటి గుడ్డ, కాస్త కొబ్బరినూనె, మరీ నిద్ర పట్టకపోతే డాక్టర్ని అడిగి ఒక అలర్జీ బిళ్ళ. నీరసం రెండు మూడు వారాలు ఉంటుంది, కొందరికి జుట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది. మా తమ్ముడు పదిహేనో రోజున క్రికెట్ అంటూ వెళ్ళి రెండో ఓవర్‌కే కూలబడ్డాడు.

నోటు పుస్తకం పారేయకండి. దాని అట్ట మీద ‘డెంగీ’ అని, తేదీ, సంవత్సరం రాసి ఆధార్ కార్డులు పెట్టే చోట పెట్టండి. మళ్ళీ ఎప్పుడైనా జ్వరం వస్తే డాక్టర్‌కి చూపించాల్సిన మొదటి కాగితం అదే.